గుట్టకింది ఇంట్లో ఇసుర్రాయి

"ఎత్తమ్మా అంటున్న గదా! బండాయన ఇంక గల్లీ మలుపు కూడ దాటలే. పిలుస్తే ఆగుతడు. ఆ ఇసుర్రాయి ఎత్తు."

రఘుపతి అరిచిన అరుపు వెనకున్న గుట్టకు తగిలి మళ్ళీ వాకిట్లోకే వచ్చింది.

గోపమ్మ ఎత్తలేదు. ఎత్తకపోగా ఇంకో పిడికెడు జొన్నలు రాయి నోట్లో పోసి, కాళ్ళు బారజాపి, పిడి పట్టుకుని గరగరా తిప్పింది. కొడుకు అరుస్తుంటే వినబడనట్టే కూర్చుంది. పిండి మాత్రం రాయి చుట్టూ తెల్లగా రాలుతోంది.

గుమ్మంలో నిలబడ్డ కోడలు అండాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నిన్న మధ్యాహ్నం తను నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడి ఉన్నప్పుడు, ముసలామె గోనెసంచీతో సహా ఆ రాయిని హమాలీ నెత్తిన పెట్టించి రైలెక్కేసింది. కొడుకు కారఖానాలో ఉన్నాడు. చెప్పలేదు, అడగలేదు. ఇవాళ సెలవు కాబట్టి మొగుడూ పెళ్ళాం హమాలీని అడిగి తెలుసుకుని, పొద్దున రైలెక్కి, దిగినచోట ఎడ్లబండి మాట్లాడుకుని పరుగున వచ్చారు. వచ్చేసరికి భువనగిరి గుట్ట కింద, గల్లీలో చిట్టచివరి ఇంట్లో, అలికిన నేలమీద రాయి దించి ఉంది. దానికి పసుపు రాసి ఉంది. కుంకుమ పెట్టి ఉంది.

ఇక చెప్పేదేముంది?

జానయ్య ఇంటి ఆడవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఇసుర్రాయి ఎక్కడ దించి మొదటి పిడికెడు తిప్పారో అదే ఇల్లు. ఉగాది తిరిగి వచ్చేదాకా దాన్ని అక్కడినుంచి ఎత్తరు. చిట్యాల దాపున ఉన్న తమ ఊళ్ళో పోయిన వేసంగిలో రజాకార్లు ఇల్లు తగలబెట్టినప్పుడు దూలాలు కాలాయి, గింజల గుమ్ములు కాలాయి, ఆ దిగులుతోనే జానయ్య మంచం పట్టి పోయాడు. మిగిలింది ఈ రాయి ఒక్కటే. దాన్ని సికింద్రాబాదు మోసుకుపోయి, కిరాయి అర్రలో ఇన్ని నెలలూ గోనెసంచి మూతి విప్పకుండా మూలన పెట్టింది గోపమ్మ. "ఇది ఇల్లా? రైలుడబ్బా," అని మిల్లు పిండే తిన్నది. అలాంటి మనిషి ఇప్పుడు సంచి విప్పింది.

"అమాస లోపల అర్ర ఖాళీ చెయ్యాలె. నాకు తెల్వదా?" రఘుపతి మళ్ళీ అందుకున్నాడు. "అందుకే గదా ఘట్‌కేసర్‌ల ఇల్లు చూసిన! స్టేషన్ పక్కనే. రెండు అర్రలు, వాకిట్లనే బాయి. ఒక్క గంటల కారఖానా గేటు కాడ ఉంట. ఈడికెల్లయితే? చీకట్ల లేవాలె, గల్లీ దిగాలె, స్టేషన్ దాక ఉరకాలె. సైరన్ కూసినంక గేటు మూస్తరు. రోజూ పట్నం పోయివచ్చేది నేనా, నువ్వా?"

"నువ్వే."

"మరి ఇల్లు ఏడ ఉండాల్నో చెప్పేది నేనా, నువ్వా?"

"నేనే," అన్నది గోపమ్మ, రాయి తిప్పుడు ఆపకుండా.

రఘుపతి నవ్వాడు. కోపం మించిపోయినప్పుడు అతనికి అలాంటి నవ్వు వస్తుంది. అండాలుకు ఆ నవ్వంటే అసహ్యం.

"ఏమున్నదే ఈడ? బండరాళ్ళు తప్ప? నీళ్ళకు పోవాలంటే గల్లీ కింది దాక పోవాలె. ఎనుక గుట్ట, ముందట గుట్ట. తేళ్ళు, పాములు. ఈ ఇంటి తర్వాత ఇంకో ఇల్లు గూడ లేదు!"

"అందుకే తీసుకున్న."

ఆ మాట గోపమ్మ నోరు జారి వచ్చిందో, కావాలనే అన్నదో గాని, రాయి ఒక్క క్షణం ఆగింది. అండాలు ఆ ఆగడం గమనించింది. రఘుపతి గమనించలేదు. అతను అప్పటికే అండాలు మీదికి తిరిగాడు.

"నువ్వన్న చెప్పరాదూ? నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"నాకేం తెలుసు? నన్నెవరన్న అడిగిన్రా?" అండాలు ఒక్కసారిగా లేచింది. లేవడమంటే గొంతు లేచింది, మనిషి గుమ్మంలోనే ఉంది. "ఘట్‌కేసర్‌ల ఇల్లు చూసొచ్చి మాట గూడ ఇచ్చిన అన్నవు. నన్ను తోలుకపోయినవా? అత్త గీ ఇల్లు సూసింది. నాకు చెప్పిందా? నీళ్ళు మోసేదాన్ని నేను. నువ్వు వచ్చేదాక కుండ దించకుండ కూసునేదాన్ని నేను. గంట ఆలిశ్యమైతే బతికున్నవో లేవో అని గుండె పట్టుకునేదాన్ని నేను. ఇల్లు మాత్రం మీదా?"

"సరే. ఇప్పుడు అడుగుతున్న. నీకేడ కావాలె?"

అండాలు నోరు తెరిచింది. పెళ్ళయి ఏడేండ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అడుగుతారని తెలిస్తే ఏదో ఒకటి అనుకుని పెట్టుకునేది. ఇప్పుడేమో కళ్ళ ముందు ఘట్‌కేసరూ లేదు, ఈ గుట్టా లేదు. కాలిపోయిన ఇల్లే కనబడింది. ఏడుపు వచ్చింది, దాన్ని మింగేసి పొయ్యి దగ్గరికి పోయింది.

"సూసినవా? దానికే తెల్వదు," అన్నాడు రఘుపతి.

ఎంత మాటన్నాడు! అండాలు పుల్లలు విరిచింది. విరవాల్సినదానికంటే గట్టిగా విరిచింది.

పక్కింటి గుర్వమ్మ గోడ మీదుగా తల పెట్టింది. ఈ ఇల్లు ఆమెదే. కొత్తగా దిగినవాళ్ళు దిగీదిగకముందే గల్లీ ఎగిరిపోయేలా కొట్లాడుకుంటుంటే ఆమెకూ భయం వేసినట్టుంది.

"జర మెల్లగ, నాయినా. పోలీసు నాకా కాడికెల్లి బాలస్వామి బయలెల్లిండు. మిలిటరీ వచ్చినకాడికెల్లి కొత్తగ ఎవరు దిగినా ఇంటికొచ్చి పేర్లు రాసుకపోతున్నడు. మీ ఇంటికే వస్తడు."

తల మళ్ళీ గోడ వెనక్కి పోయింది.

రఘుపతి వచ్చి తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. తగ్గించినా అందులో కోపం తగ్గలేదు.

"ఇన్నవా? అందుకే చెప్పిన. ఘట్‌కేసర్‌ల గిట్ల ఇంటింటికొచ్చి అడుగుతలేరు. ఈడ గుట్టలున్నయి, గుట్టలల్ల దళాలున్నయని వాళ్ళకు అనుమానం. మనకెందుకీ తలనొప్పి?"

గోపమ్మ పిండి ఎత్తి తట్టలో పోసింది. వేణ్ణీళ్ళు పోసి కలిపి, ముద్ద చేసి, పీటమీద రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. ఆమె చేతికింద జొన్నరొట్టె చకచకా గుండ్రంగా సాగుతుంది. అది చూస్తుంటే అండాలుకు ఎప్పుడూ ముచ్చటే. ఇవాళ మాత్రం లెక్క పెట్టింది.

ఎందుకంటే ఆ పట్టింపులో ఇంకో ముక్క ఉంది. కొత్త ఇంట్లో మొదటి పిండితో ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని రొట్టెలే చేస్తారు. ఒకటి ఎక్కువ చెయ్యరు, ఒకటి తక్కువ చెయ్యరు. అండాలు కాపురానికి వచ్చిన ఏడు పక్క అర్ర కొత్తగా కట్టి ఇసుర్రాయి అందులోకి మార్చినప్పుడు అయిదు రొట్టెలు చేశారు. అత్త, మామ, తను, తన మొగుడు, మరిది ఎల్లస్వామి.

ఒకటి కాలింది. రెండు కాలాయి. మూడోది పెనం మీంచి దిగింది.

గోపమ్మ నాలుగో ముద్ద తీసింది.

అండాలు చేతిలో పుల్ల పొయ్యిలోకి పోకుండా ఆగింది. రఘుపతి కూడా చూశాడు. నాలుగో రొట్టె పెనం మీద పడేదాకా చూస్తూనే ఉన్నాడు.

"ఎవరికది?"

గోపమ్మ రొట్టె మీద తడిచెయ్యి రాసింది.

"ఎవరికమ్మా అది?"

"ఎవరికో నీకు తెల్వదా?" గోపమ్మ తల ఎత్తింది. పొద్దున్నుంచి ఆమె కొడుకు ముఖంలోకి సూటిగా చూడ్డం ఇదే మొదటిసారి. "అవును, నీకెట్ల తెలుస్తది! నీకు తమ్ముడు లేడు గదా. కాయితం మీద రాసిచ్చినవు గదా!"

రఘుపతి లేచి నిలబడ్డాడు.

కారఖానాలో పోయిన నెల ఒక కాగితం నింపమన్నారు. ఊరు, తండ్రి పేరు, అన్నదమ్ములు, వాళ్ళేం చేస్తున్నారు. తుపాకులు పట్టిన సంగంలో ఉన్నవాళ్ళ ఇంటివాడని తెలిస్తే గేటు బయటికి పంపిస్తారని అందరూ చెప్పుకున్నారు. పక్క మిషను మీద పనిచేసేవాడు అలాగే పోయాడు. రఘుపతి అన్నదమ్ములు అన్న చోట 'లేరు' అని రాసి వేలిముద్ర కూడా కాదు, చక్కగా సంతకం పెట్టి వచ్చాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు. ఎందుకు తినలేదో అండాలు ఒక్కదానికే చెప్పాడు.

అతను మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన." అండాలు దాచలేదు. "ఆమె రోజూ నన్నడిగేది. 'మీ ఆయన చిన్నోని మాటే ఎత్తుతలేడేందే' అని. ఎన్ని దినాలు అబద్ధం చెప్పాలె? నా వల్ల కాలే, చెప్పిన."

"నా నౌకరి పోతే ఏం తింటవు? ఈ రాళ్ళు తింటవా?"

"తిను, నన్నే తిను!" అండాలు అరిచింది. "రాసేటప్పుడు లేని బాధ నేను చెప్పినందుకొచ్చిందా?"

"నేను రాసింది ఎందుకు? నా కోసమా? మీ ఇద్దరికి ఇంత పిండి తెచ్చేదెవరు? వాడు పోయిండు. తుపాకి భుజాన ఏసుకొని దొరను తరుముతమని పోయిండు. రజాకార్లు పోయిన్రు, నైజాం పోయిండు. ఇంటికి రారాదు? రాలే. ఇల్లు కాలినప్పుడు వచ్చిండా? బాపు సచ్చినప్పుడు వచ్చిండా? కొరివి పెట్టింది నేను! కాయితం మీద లేడని రాస్తే తప్పయిందా? నిజంగ ఉన్నడా వాడు?"

అని, తన మాటకు తనే ఆగిపోయాడు.

"ఉన్నడు," అన్నది గోపమ్మ.

పెనం మీద నాలుగో రొట్టె మాడు వాసన వచ్చింది. ఆమె దాన్ని తిప్పేసింది.

"మన ఊరి జానమ్మ లేదూ? ఇప్పుడు గీ గుట్టలల్ల కట్టెలు కొట్టి ఈడ అమ్ముకుంటున్నది. పోయిన వారం సికింద్రాబాదుకొచ్చి చెప్పింది. సూసిందంట. జ్వరంతోటి ఉన్నడంట. గడ్డం పెరిగిందంట. 'నన్ను గుర్తుపడ్తవా జానమ్మా' అన్నడంట." ఆమె రొట్టెను పెనానికి అదిమింది. "కట్టెల మోపులోళ్ళు దిగే తొవ్వ గీ ఇంటి ముందటికెల్లే. పొద్దుగూకాల జానమ్మ వస్తది. తెల్లారి మళ్ళ ఎక్కుతది. ఆమె సద్దిమూటల ఒక్క రొట్టె ఎక్కువుంటే ఎవడు సూస్తడురా? నీకు రైలు దగ్గరుండాలె. నాకు నా కొడుకు దగ్గరుండాలె. ఘట్‌కేసర్ కాడ గుట్టల్లేవు."

ఆమె నాలుగో రొట్టె తీసి తట్టలో పెట్టింది.

అండాలుకు ఇప్పుడు అర్థమైంది. చిట్టచివరి ఇల్లు ఎందుకో. ఇన్ని నెలలు మూతి విప్పని సంచి ఇవాళ ఎందుకు విప్పిందో. అర్థమయ్యాక అత్త మీద జాలి వచ్చింది, జాలితోపాటే ఒళ్ళు మండింది. ఒక్క మాట తనతో అని ఉంటే బిందెలు పక్కన పడేసి తనే ఆ రాయి మోసుకొచ్చేది కాదూ?

రఘుపతి తల పట్టుకుని కూర్చున్నాడు. "మన ముగ్గురిని జైల్ల పెట్టిస్తవమ్మా," అన్నాడు. "వాళ్ళ కాడ పేర్ల చిట్టాలుంటయి. వాని పేరు అండ్ల ఉందో లేదో ఎవరికెరుక? ఇప్పుడు ఆ బాలస్వామి వచ్చి అడిగితే ఏం చెప్తవు?"

"నువ్వేం చెప్పినవో అదే చెప్త."

"అంటే?"

"ఒక్కడే అని చెప్త. సంబురమేనా?"

రఘుపతి ఏదో అనబోయాడు. అప్పటికే వాకిట్లో దగ్గు వినబడింది.

బాలస్వామి నలభై ఏళ్ళ మనిషి. చంకలో రిజిస్టరు, చెవి మీద కలం, చెప్పులకు గుట్ట దుమ్ము. చూస్తే భయపడాల్సిన మనిషిలా లేడు. పొద్దున్నుంచి గల్లీలు తిరిగి అలసిపోయినవాడిలా ఉన్నాడు. మడత మంచం మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు.

"ఏ ఊరికెల్లి వచ్చిన్రు?"

"చిట్యాల దిక్కు," అన్నాడు రఘుపతి. "రజాకార్లు ఇల్లు కాలవెట్టిన్రు. మొన్నటి దాక సికింద్రాబాదుల ఉన్నం. నేను ఆడ్నే ఇనుప కారఖానల పనిజేస్త."

"రోజూ ఈడికెల్లే పోయివస్తవా? దూరం గదా."

"గాలి మంచిగుంటదని... అమ్మకు."

అబద్ధం ఎంత సులభంగా వచ్చింది! గోపమ్మ కొడుకును ఓరగా చూసింది.

"ఇంటి పెద్దెవరు? నువ్వేనా అమ్మా? పేరు చెప్పు."

"గోపమ్మ."

"పెనిమిటి?"

"జానయ్య. పోయిండు."

కలం గీరుకుంది. "కొడుకులెందరు?"

రఘుపతి తల్లినే చూస్తున్నాడు. ఒక్క మాట. ఆమె ఇందాక చెప్తానన్న మాటే. చెప్తే చాలు, ఈ మనిషి లేచిపోతాడు, ఆ తర్వాత ఎంతైనా కొట్లాడుకోవచ్చు. గోపమ్మ చెయ్యి ఇసుర్రాయి పిడి మీద ఉంది. ఒకసారి ఉత్తగా తిప్పింది. లోపల జొన్నలు లేవు కాబట్టి రాయి మీద రాయి పళ్ళు నూరినట్టు చప్పుడైంది.

"ఒక్కడే," అన్నది.

రఘుపతి భుజాలు దిగాయి. ఇంత నిమ్మళంగా అతను ఊపిరి తీసుకుని ఎన్నాళ్ళయిందో.

"పేరు?"

"ఎల్లస్వామి."

బాలస్వామి రాసుకున్నాడు. పేరులోని ప్రతి అక్షరాన్నీ విడివిడిగా, శ్రద్ధగా రాసుకున్నాడు. తల ఎత్తి రఘుపతిని చూసి, మనిషికీ పేరుకూ ముడి పెట్టుకున్నట్టు తల ఊపాడు.

మరిది పేరు వినబడగానే అండాలు అత్త వైపు తిరిగింది. గోపమ్మ మాత్రం కొడుకునే చూస్తోంది. ఆ చూపులో తొణుకూ లేదు, బెణుకూ లేదు. నువ్వు ఒక్కడివే అని రాసిచ్చినప్పుడు ఎవరి పేరు కొట్టేయాలో నువ్వు చూసుకున్నావు, ఇప్పుడు నేను చూసుకున్నాను అన్నట్టుంది. కన్నతల్లికి ఇంత కోపం ఉంటుందా అని అండాలు అనుకుంది. ఉంటుంది. కన్నది కాబట్టే ఉంటుంది.

"కోడలు అండాలు. అంటే ముగ్గురు," అన్నాడు బాలస్వామి కలం చెవి మీద పెట్టుకుంటూ. లేవబోతూ పొయ్యి దగ్గర తట్ట వైపు చూశాడు. "మొదటి పిండి రొట్టెలా? మా అమ్మ గూడ చేసేది. మనిషికొకటి." వేలితో లెక్క పెట్టాడు. "నాలుగున్నయేంది మరి?"

గాలికి గుట్ట మీంచి చిన్న రాయేదో దొర్లిపడిన చప్పుడైంది.

గోపమ్మ లేచింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది. తట్టలోంచి నాలుగో రొట్టె, ఒక వైపు మాడింది, తీసి దాని మీద ఇంత కారం పెట్టి రెండు చేతులతో తెచ్చింది.

"ఇంటికొచ్చిన తొలి మనిషికి ఒకటి చేస్తం, నాయినా. తిను."

బాలస్వామి మొహమాటపడ్డాడు. వద్దన్నాడు. మళ్ళీ తీసుకున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తిననట్టుంది. తుంచి, కారం అద్దుకుని, తీరిగ్గా నమిలాడు. మంచిగున్నదమ్మా అన్నాడు. గోపమ్మ ఎదురుగా నిలబడి ఆఖరి ముక్కదాకా చూసింది. జ్వరంతో గుట్టల్లో ఉన్నవాడి రొట్టె ఆమె కళ్ళముందే అయిపోయింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వచ్చినాయన దాన్ని ముసలితనపు దగ్గు అనుకున్నాడు.

రఘుపతి అటు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు కదులుతోంది.

బాలస్వామి చేతులు కడుక్కుని రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"రోజూ రైలెక్కేటోళ్ళ పేర్లు నాకా కాడ ఇంకో కితాబుల ఎక్కించాలె. కారఖానోళ్ళిచ్చిన చీటీ ఉంటది గదా నీ కాడ? అది తీసుకొని నా ఎంబడి రా. నంబరు రాసి పంపిస్తరు."

చీటీ రఘుపతి అంగీ జేబులోనే ఉంది. దాని మీద కారఖానా ముద్ర ఉంది. ముద్ర కింద 'రఘుపతి, తండ్రి జానయ్య' అని నల్లటి సిరాతో రాసి ఉంది.

అతను కదల్లేదు. చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఇది తప్పు, నా పేరు రఘుపతి అని ఒక్క మాటంటే రిజిస్టరు దిద్దుకుంటారు. దిద్దుకుంటూ, మరి ఎల్లస్వామి ఎవరని అడుగుతారు.

అండాలు అతనికీ గుమ్మానికీ మధ్యకు వచ్చి నిలబడింది. చీటీ ఇటియ్యమని కళ్ళతోనే అడిగింది. అతను ఆమెను చూడలేదు. తల్లిని చూశాడు. తల్లి అప్పటికే మళ్ళీ ఇసుర్రాయి ముందు కూర్చుని ఉంది. పిడికెడు జొన్నలు పోస్తోంది. ఇంకో రొట్టెకు.

"ఏందయ్యా, పిలుస్తుంటే పలుకవు?" వాకిట్లోంచి బాలస్వామి కేకేశాడు. "ఎల్లస్వామీ!"

ఏడాదిన్నరగా ఆ పేరు రఘుపతి తన నోటితో అనలేదు. ఇంట్లో ఎవరినీ అననివ్వలేదు.

"ఆఁ," అన్నాడు. "వస్తున్న."